రోమ్ రాళ్ల మీది లాటిన్‌ను చదవగలిగేలా ఫోటో తీయడం ఎలా

రోమ్ వెళ్లొచ్చిన వాళ్ల ఫోన్‌లో కొలోసియం ఫోటోలకు కొదవుండదు. దాని పక్కనే ఉన్న కాన్‌స్టంటైన్ విజయ తోరణం కూడా నాలుగైదు సార్లు పడి ఉంటుంది. ఆ తోరణం నెత్తిన ఏం రాసుందో మాత్రం ఒక్క ఫోటోలోనూ చదవలేం. ఆ నగరంలో గోడలు, ఫౌంటెన్లు, సమాధులు, చివరికి మ్యాన్‌హోల్ మూతలు కూడా లాటిన్‌లోనే మాట్లాడతాయి. అక్షరాలు ఫోటోలో తేలకపోవడానికి కెమెరా ధరతో పెద్దగా సంబంధం లేదు. రాతిలో చెక్కిన అక్షరం కంటికి తెలిసేది నీడ వల్ల. ఆ నీడ ఏ గోడ మీద, ఏ నెలలో, ఎన్ని గంటలకు పడుతుందో ముందే లెక్కేసుకుంటే ఫోన్‌తోనూ శాసనం చదవదగ్గట్టు వస్తుంది.

ముందు అక్షరం ఎలాంటిదో చూడండి

రోమ్‌లో ఎదురయ్యే రాతలు ముఖ్యంగా మూడు రకాలు. మూడింటికీ ఒకే వెలుగు పనికిరాదు.

మొదటిది రాతిలోకి కోణంగా చెక్కిన అక్షరం. ట్రాజన్ చక్రవర్తి స్తంభం పీఠం మీదిది ఇదే. దీనికి పక్క నుంచో పై నుంచో వాలుగా పడే ఎండ కావాలి. రెండోది కంచు అక్షరం. రాతిలో అక్షరం ఆకారంలో గాడి తొలిచి, చీలలు దిగగొట్టి, అందులో కంచు అతికించేవారు. చాలాచోట్ల ఆ కంచు ఎప్పుడో మాయమైంది. ఖాళీ గాడి, చీలల రంధ్రాలు మిగిలాయి. ఎండ మరీ వాలితే గాడి అంతా నల్లగా నిండిపోయి రంధ్రాలు కనబడవు, కాబట్టి కాస్త మెత్తటి వెలుగు మేలు. మూడోది నేల మీది మొజాయిక్, అంటే చిన్న రాతి ముక్కలు పొదిగి చేసిన బొమ్మ. ఇందులో అక్షరం రంగు వల్లే కనబడుతుంది, నీడ అక్కర్లేదు. మబ్బు పట్టిన రోజు దీనికి వరం.

ఎండ లెక్క

ఫోన్‌లో దిక్సూచి తెరిచి గోడ ఏ దిక్కు చూస్తోందో రాసుకోండి. ఇంట్లో ఉండగానే చేయాలంటే మ్యాప్‌లో ఉపగ్రహ చిత్రం చాలు. ఆ ఊరికి, ఆ తేదీకి సూర్యుడి దిశ, ఎత్తు చూపే సన్‌కాల్క్ లాంటి సాధనాలున్నాయి.

వెలుగు గోడ తలంతో 15 నుంచి 30 డిగ్రీల కోణంలో ఒరుసుకుంటూ పోవాలి. 10 డిగ్రీలకు దిగితే రాతి మీది ప్రతి గాటూ అక్షరంతో పోటీపడుతుంది. 50 దాటితే గాడులు వెలుగుతో నిండిపోయి రాయి సాదాగా కనిపిస్తుంది. తూర్పు గోడైనా పడమటి గోడైనా సూత్రం ఒకటే: ఎండ ఆ గోడ మీదికి ఎక్కే వేళ, దాన్ని వదిలిపోయే వేళ. ఎండ గోడకు ఎదురుగా నిలిచిన మధ్య సమయంలో భవనం ఫోటో బాగుంటుంది, అక్షరాలు చచ్చిపోతాయి.

దక్షిణం చూసే గోడల సంగతి వేరు. రోమ్ దాదాపు 42 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ మూడో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సుమారు 71 డిగ్రీల ఎత్తుకు వెళ్తాడు. అంటే దక్షిణపు గోడకు వెలుగు పై నుంచి 19 డిగ్రీల వాలులో పడుతుంది. మధ్యాహ్నం ఎండలో కెమెరా తీయకూడదని అందరూ చెప్పే మాట ఇక్కడ తప్పు. శాసనానికి అదే మంచి వేళ. ఒక్క చిక్కుంది. శాసనం పైన ముందుకు పొడుచుకొచ్చిన రాతి అంచు ఉంటే, దాని నీడ అంచు వెడల్పుకు మూడింతలు కిందికి దిగుతుంది. 30 సెంటీమీటర్ల అంచుకు 90 సెంటీమీటర్ల నీడ. మొదటి పంక్తి చీకట్లో కలిసిపోతుంది. మార్చి, సెప్టెంబరు నెలల్లో మధ్యాహ్నపు ఎత్తు 48 డిగ్రీలు, నీడ 33 సెంటీమీటర్లకు తగ్గుతుంది, అక్షరాల్లో లోతు ఇంకా మిగులుతుంది. డిసెంబరు మూడో వారంలో సూర్యుడు 25 డిగ్రీలు కూడా ఎక్కడు. హైదరాబాద్‌లో అదే వారం దాదాపు 49 ఎక్కుతాడు కాబట్టి మనకు ఆ తేడా ఒక పట్టాన అలవాటు కాదు. శీతాకాలపు ఎండ రోజంతా బంగారంలా ఉంటుంది, కానీ దక్షిణపు గోడకు దాదాపు ఎదురుగా కొడుతుంది.

ఉత్తరం చూసే గోడలకు ఏడాదిలో ఎక్కువ భాగం నేరుగా ఎండే తగలదు. జూన్‌లో మాత్రం సూర్యోదయం నుంచి ఉదయం 9 దాకా, మళ్లీ సాయంత్రం అయిదుంబావు తర్వాత వాలుగా తాకుతుంది, అదీ చుట్టుపక్కల భవనాలు అడ్డం రాకపోతే.

దూరం, లెన్స్

శాసనాలు ఎత్తులో ఉంటాయి. 15 మీటర్ల ఎత్తున్న రాతను అంతే దూరం నుంచి తలెత్తి తీస్తే, అక్షరాల ఎత్తు నాలుగింట మూడు వంతులకు కుంగిపోతుంది, నిలువు గీతలు పైకి వెళ్తూ దగ్గరవుతాయి. 40 మీటర్లు వెనక్కి జరిగితే కోణం 18 డిగ్రీలకు తగ్గి, అసలు ఎత్తులో 95 శాతం దక్కుతుంది. అందుకని దగ్గరికి వెళ్లి వెడల్పు లెన్స్ వాడటం కంటే, వెనక్కి జరిగి పొడుగు లెన్స్ వాడటం ఎప్పుడూ మంచిది.

ఫుల్ ఫ్రేమ్ (36 మి.మీ. వెడల్పు సెన్సర్ ఉన్న) కెమెరా మీద 200 మి.మీ. లెన్స్ 40 మీటర్ల దూరంలో 7.2 మీటర్ల వెడల్పును పడుతుంది. 6,000 పిక్సెళ్ల అడ్డు కొలత ఉన్న సెన్సర్ అయితే ఒక పిక్సెల్‌కు 1.2 మిల్లీమీటర్లు. ఉలి గాట్లు సైతం తెలుస్తాయి. అదే చోట 50 మి.మీ. పెడితే పిక్సెల్‌కు 4.8 మిల్లీమీటర్లు. పెద్ద అక్షరాలు చదవొచ్చు, చీలల రంధ్రాలు ఆశించవద్దు. సంచిలో 24–70, 70–200 లేదా 70–300 మి.మీ. లెన్స్ ఉంటే సరిపోతుంది. ఒక్కటే మోయాలంటే పొడుగుదే మోయండి.

ఫోన్ అయితే మూడింతలో అయిదింతలో జూమ్ ఉన్న అసలు లెన్స్‌నే వాడండి, అంతకు మించి వేలితో సాగదీయకండి. వెలుగు తక్కువైనప్పుడు కొన్ని ఫోన్లు జూమ్ లెన్స్‌ను చడీచప్పుడు లేకుండా వదిలేసి ప్రధాన లెన్స్ బొమ్మనే కత్తిరించి ఇస్తాయి. జూమ్ లెన్స్‌ను వేలితో మూసి చూడండి. తెర నల్లబడకపోతే అది వాడుతున్నది వేరే లెన్స్. అల్ట్రావైడ్ జోలికి పోవద్దు, అంచుల్లోని అక్షరాలు సాగిపోతాయి.

గోడ ముందు నిలబడ్డాక

1. లెన్స్ రంధ్రం కొలత (అపర్చర్) ఎఫ్/8, వెలుగు గ్రహించే శక్తి (ఐఎస్ఓ) 100 నుంచి 400. 200 మి.మీ. దగ్గర షట్టర్ సెకనులో 250వ వంతు కంటే నెమ్మదిగా వద్దు. రా ఫైల్‌లో (కెమెరా మార్పులు చేయని ముడి ఫైల్‌లో) తీయండి.

2. ఫ్రేమ్ నిండా తెల్లరాయి ఉంటే కెమెరా దాన్ని బూడిద రంగుకు దించేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను (ఫోటోకు అందే వెలుగును) +0.7 దగ్గర మొదలుపెట్టి, వెలుగు పంపిణీ చూపే హిస్టోగ్రామ్ గ్రాఫ్ కుడి అంచును తాకకుండా చూసుకోండి. ఫ్రేమ్‌లో ఆకాశం ఎక్కువుంటే లెక్క మారుతుంది. ఫోన్‌లో రాతి మీద వేలు నొక్కి పట్టి లాక్ చేసి, రాయి తెల్లదనం పోకుండా వెలుగును సరిచేయండి.

3. మొదట శాసనం మొత్తం ఒక ఫోటో. తర్వాత నిలుచున్న చోటు మారకుండా ఎడమ నుంచి కుడికి, ముక్కకూ ముక్కకూ మూడో వంతు కలిసేలా వరుసగా తీయండి. అడుగులు వేస్తూ తీస్తే ముక్కలు తర్వాత అతకవు.

4. ఆఖరున వెనక్కి జరిగి, కింద నడిచే మనుషులతో సహా ఒకటి. రాత ఎంత పెద్దదో చెప్పేది అదే.

జూలై, ఆగస్టుల్లో ఫోరమ్ (పాత రోమ్ నడిబొడ్డు శిథిలాల ఆవరణ) మీదుగా పొడుగు లెన్స్ పెట్టినప్పుడు ఫోటోలన్నీ మసగ్గా వస్తే చేతి వణుకును తిట్టుకోకండి. వేడెక్కిన రాళ్ల మీద గాలి వణుకుతూ ఉంటుంది. ట్రైపాడ్ దాన్ని ఆపలేదు. పొద్దున్నే రావడం, దూరం తగ్గించుకోవడం మాత్రమే మందులు.

ఫోరమ్‌లో: తుడిచేసిన పేరు

ఒక్క శాసనానికే సమయం ఉంటే సెప్టిమియస్ సెవెరస్ తోరణం దగ్గరికి వెళ్లండి. క్రీ.శ. 203లో చక్రవర్తికీ ఆయన ఇద్దరు కొడుకులు కారకాల్లా, గేటాలకూ గౌరవంగా కట్టారు. తండ్రి పోయాక 211లో కారకాల్లా తమ్ముణ్ని చంపించి, సామ్రాజ్యమంతటా అతని పేరు చెరిపించాడు. ఈ తోరణం మీద నాలుగో పంక్తిలో గేటా పేరున్న చోట రాయి చెక్కేసి ‘ఓప్తిమిస్ ఫోర్తిస్సిమిస్‌క్వే ప్రింకిపిబుస్’ అని కొత్తగా పెట్టారు. ‘అత్యుత్తములు, మహావీరులు అయిన పాలకులకు’ అని అర్థం. తమ్ముడి పేరు మీద పొగడ్త కప్పారన్నమాట.

కంచు అక్షరాల కోసం కొట్టిన పాత చీలల రంధ్రాలు ఆ పంక్తిలో ఇంకా ఉన్నాయి. కొత్త అక్షరాలతో అవి పొసగవు. మీ ఫోటో చూపించాల్సింది ఇదే. తోరణం రెండు వైపులా ఒకే రాత ఉంది. ఫోరమ్ వైపు ముఖానికి ఉదయం ఎండ, కాపిటలైన్ కొండ వైపు ముఖానికి మధ్యాహ్నం తర్వాతి ఎండ. ఎండ ముఖం మీదికి అప్పుడే ఎక్కిన వేళకు చేరుకుని, 200 మి.మీ. లేదా ఇంకా పొడుగు లెన్స్‌తో నాలుగో పంక్తిని విడిగా నింపండి. అదే పంక్తిని అరగంట తర్వాత మళ్లీ తీయండి. మొదటిదాంట్లో చెక్కేసిన రాయి పల్లం, రెండోదాంట్లో రంధ్రాలు బాగా తెలుస్తాయి. రెండూ పక్కపక్కన పెడితేనే కథ పూర్తవుతుంది.

ఫోరమ్ గేట్లు సాధారణంగా ఉదయం 9 ప్రాంతంలో తెరిచి, పొద్దు గుంకక ముందే మూస్తారు. వేళలు కాలాన్ని బట్టి మారతాయి కాబట్టి వెళ్లే వారం అధికారిక సైట్‌లో సరిచూసుకోండి. నీరెండ వేళ లోపల ఉండనివ్వరు. దానికి విరుగుడు కాపిటలైన్ కొండ మీది నగర సభా భవనం పక్కల నుంచి ఫోరమ్‌లోకి తొంగిచూసే చోట్లు. టికెట్ లేదు, వేళల పట్టింపు లేదు. తోరణం పడమటి ముఖం అక్కడి నుంచి దాదాపు కంటి మట్టానికి వస్తుంది, తలెత్తాల్సిన పని ఉండదు.

ఫోరమ్ లోపల ఇంకో రెండు. టైటస్ తోరణానికి కొలోసియం వైపు ముఖం మీదే పాత శాసనం ఉంది, దానికి ఉదయం వెళ్లండి. అవతలి ముఖం మీది రాత 19వ శతాబ్దంలో పోప్ ఏడో పయస్ చేయించిన మరమ్మతు గురించి. తెలియక దాన్నే రోమన్ శాసనమని పోస్టు చేసేవాళ్లు చాలామంది. ఆ మరమ్మతుకు పాలరాయి కాకుండా ట్రావర్టైన్ అనే సున్నపురాయి వాడారు. మెత్తటి వెలుగులో తీస్తే పాత రాయికీ కొత్త రాయికీ రంగు తేడా స్పష్టంగా వస్తుంది.

రెండోది చక్రవర్తి ఆంటోనైనస్, ఆయన రాణి ఫాస్టీనాల ఆలయం. ముఖం నైరుతికి, కాబట్టి మధ్యాహ్నం తర్వాత. కింది పంక్తి ‘దివై ఫాస్టినై’, అంటే ‘దివ్యురాలైన ఫాస్టీనాకు’, ముందుగా చెక్కింది, 141 ప్రాంతంలో రాణి చనిపోయినప్పుడు. 161లో భర్త పోయాక పై పట్టీ మీద ‘దివో ఆంటోనినో ఎత్’, అంటే ‘దివ్యుడైన ఆంటోనైనస్‌కు, మరియు’ అని చేర్చారు. భార్య గుడిలోకి భర్త తర్వాత వచ్చాడు. రెండు పంక్తులూ ఒకే ఫ్రేమ్‌లో పడాలి, ఒకటి కత్తిరిస్తే అర్థం పోతుంది. మన నాగార్జునకొండలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో ఒకటి ఈ ఫాస్టీనాదే.

పాంథియన్

ఈ పాత రోమన్ ఆలయం నుదుటి మీది రాత ‘ఎం. అగ్రిప్ప ఎల్. ఎఫ్. కోస్. తెర్తియుమ్ ఫెకిత్’: లూకియస్ కొడుకు మార్కస్ అగ్రిప్ప, మూడోసారి కాన్సల్‌గా (రోమ్ అత్యున్నత అధికారిగా) ఉండగా కట్టించాడు. అది క్రీ.పూ. 27. ఇప్పుడున్న కట్టడం మాత్రం హేడ్రియన్ చక్రవర్తి కాలానిది, పేరు పాతవాడిదే ఉంచారు. కంచు అక్షరాలు 19వ శతాబ్దంలో తిరిగి అమర్చినవి.

ముఖం ఉత్తరానికి. ఇది తెలియక నడిమధ్యాహ్నం వచ్చేవాళ్లకు వెనక తెల్లటి ఆకాశం, ముందు నల్లటి ముఖం మిగులుతాయి. తెల్లవారకముందు గాని, దీపాలు వెలిగిన సంధ్యవేళ గాని రండి. ఆకాశం, రాయి ఒకే వెలుగులోకి వచ్చే ఇరవై నిమిషాలు చాలు. చౌకు అవతలి అంచున, ఫౌంటెన్ వెనక నిలబడితే వంపు తగ్గుతుంది. పెద్ద అక్షరాల కింద చిన్నవి రెండు పంక్తులున్నాయి, 202లో సెవెరస్, కారకాల్లాలు చేయించిన మరమ్మతు గురించి. చాలామంది వాటిని గమనించరు. మీ ఫోటోలో ఆ రెండు పంక్తులు చదవడానికి వస్తే మీ లెన్స్, మీ చెయ్యి రెండూ పాసైనట్టే.

లోపలికి టికెట్ ఉంది. గోపురం నెత్తిన దాదాపు 9 మీటర్ల గుండ్రటి రంధ్రం గుండా దిగే ఎండ పట్టీకీ చుట్టూ ఉన్న చీకటికీ తేడా ఒకే ఫోటోలో ఇమడదు. చేత్తోనే -2, 0, +2 మూడు ఎక్స్‌పోజర్లు తీయండి. ఐఎస్ఓ 1600 వద్ద మొదలుపెట్టండి. ఏప్రిల్ 21, రోమ్ పుట్టినరోజుగా చెప్పే రోజు, మిట్టమధ్యాహ్నం ఆ వెలుగు సరిగ్గా ద్వారం మీద పడుతుంది. గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపే కాలం కాబట్టి ఆ మిట్టమధ్యాహ్నం 1 గంట 10 నిమిషాల ప్రాంతంలో వస్తుంది. 12కే వెళ్లి నిరాశపడొద్దు.

మిగతా చోట్లు, టూకీగా

ట్రాజన్ స్తంభం శాసనం పీఠం తలుపు పైన, ఆగ్నేయ ముఖం మీద ఉంది. రోడ్డు అంచు కంచె నుంచి చూడాలి, 300 మి.మీ. ఉంటే హాయి. పై పంక్తుల అక్షరాలు కింది వాటికంటే పెద్దవి, కింద నిలబడి చూసే కంటికి సమంగా అనిపించాలని. వంపు సరిచేసేటప్పుడు ఈ తేడాను తప్పనుకుని సమం చేయకండి. లండన్‌లో ఉండే తెలుగువాళ్లకు దగ్గరిదారి ఉంది: విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈ స్తంభానికి పూర్తి ప్లాస్టర్ అచ్చు, ప్రవేశం ఉచితం.

పిరమిడే మెట్రో స్టేషన్ బయట కైయస్ సెస్టియస్ అనే రోమన్ అధికారి సమాధి, పిరమిడ్ ఆకారంలో. 330 రోజుల్లో కట్టామని దాని మీదే రాసుంది. పాత నగర ద్వారం పోర్టా మజ్జోరే దగ్గర యురిసాకేస్ అనే రొట్టెల వ్యాపారి సమాధి బాగుంటుంది గానీ, ముందు ట్రామ్ తీగలు అడ్డం. వెడల్పు ఫోటో ఆశ వదులుకుని, తీగల మధ్య సందులోంచి పొడుగు లెన్స్‌తో ముక్కలుగా తీయండి.

రోమ్ పాత రేవు పట్టణం ఓస్టియా ఆంటికాలో వర్తక సంఘాల చౌక్ నేల నిండా ఓడలు, ఏనుగు, సంఘాల పేర్లు మొజాయిక్‌లో ఉన్నాయి. కంచె దాటకుండా చేతులు చాచి కెమెరాను పైకెత్తి, లెన్స్‌ను వీలైనంత కిందికి వంచండి. ఎండ ఉంటే మీ నీడ పడని పక్కకు జరగండి. రంగు తేలుతుందని నీళ్లు పోయవద్దు.

గోడ పలకలు

సాంతా మారియా సోప్రా మినెర్వా చర్చి ముందు గోడకు టైబర్ వరద గుర్తుల పలకలున్నాయి, 1598 నాటి పెను వరదది కూడా. పాంథియన్ వెనకే, పడమటి ముఖం. ఇలాంటి చిన్న పలకలకు సంధ్య చీకటి పడ్డాక చిన్న ఎల్ఈడీ టార్చ్ చాలు. టార్చ్‌ను గోడకు 15 డిగ్రీల వాలులో, పైన ఎడమ మూల నుంచి పట్టండి. కింది నుంచి వెలుగు కొడితే చెక్కిన అక్షరాలు ఉబ్బినట్టు కనబడి కన్ను మోసపోతుంది. కదలని కెమెరాతో నాలుగు మూలల నుంచి నాలుగు ఫోటోలు తీస్తే, అరిగిపోయిన అక్షరం ఏదో ఒకదాంట్లో దొరుకుతుంది. మ్యూజియంలో మాత్రం అడగకుండా టార్చ్ వెలిగించకండి. సందుల్లో ‘చెత్త వేయరాదు, వేస్తే జరిమానా’ అని చెప్పే 18వ శతాబ్దపు పలకలూ తగులుతాయి. అవి ఇటాలియన్, లాటిన్ కాదు. అయినా తీయండి.

మన ఊళ్లలో శాసనాల మీద సుద్ద రుద్ది ఫోటో తీసే అలవాటుంది. అక్కడ గానీ ఇక్కడ గానీ అది రాతికి చేటు. వేలితో తడమడం కూడా వద్దు.

ఇంటికొచ్చాక

లెన్స్ వంపు సరిచేసి, తర్వాత నిలువు గీతలు నిటారు చేయండి. అక్షరాలు సాగాయో లేదో తెలుసుకోవడానికి గుండ్రటి ‘ఓ’ అక్షరం చూడండి. మంచి రోమన్ చెక్కడంలో అది దాదాపు పూర్ణవృత్తం. గుడ్డులా నిలువుగా ఉంటే మీరు ఎక్కువ లాగారు. ఎడిటింగ్ యాప్‌లోని క్లారిటీ మీట 20–30 దాటితే పాలరాయి సిమెంటులా మారుతుంది.

ఫైల్ పేరులో చోటు, ముఖం దిక్కు, తేదీ, గంట రాయండి. పాఠం సరిచూసుకోవడానికి లాటిన్ శాసనాల మహాసంకలనం ఉంది. దాని ఆరో సంపుటం రోమ్ నగరానిది, అందులో పాంథియన్‌ది 896వ శాసనం, ట్రాజన్ స్తంభానిది 960వది. చదివేటప్పుడు ‘వి’ అక్షరమే ‘ఉ’ కూడా అని గుర్తుంటే సగం పని అయినట్టే. ‘ఎఫ్’ అంటే కొడుకు, ‘కోస్’ అంటే కాన్సల్, సమాధి మీద ‘డి ఎం’ అంటే పితృదేవతలకు. ‘పోంట్ మాక్స్’ చూసి చక్రవర్తే అనుకోవద్దు, పోపులు కూడా ఆ బిరుదే వాడారు.

సొంతానికి, చదువుకు, లాభం లేని పంపకానికి తీసుకునే ఫోటోలకు ఇటలీలో ఇబ్బంది లేదు. ప్రభుత్వ వారసత్వ కట్టడాల ఫోటోలు అమ్మాలన్నా, ప్రకటనల్లో వాడాలన్నా 2004 నాటి వారసత్వ చట్టం ప్రకారం ముందు అనుమతి, రుసుము ఉంటాయి. ఫోరమ్ ఆవరణలోకి ట్రైపాడ్ తీసుకెళ్లాలంటే అనుమతి ముందే తెచ్చుకోవాలి. నగరం నడిబొడ్డున డ్రోన్ ఎగరేయడం నిషేధం. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలు ఉచితం. డబ్బు మిగులుతుంది గానీ ఆ రోజు జనం తలలు లేకుండా ఏ శాసనమూ దొరకదు.